నిలబడే మనిషి

జూన్ 6

తమ్ముడికి అక్క రాస్తున్నది.

క్షేమంగానే చేరాను. ఈ ముక్క ఫోన్‌లో చెబితే పోయేది కదా అని మూతి తిప్పుతావని తెలుసు. ఈ డిపోలో పొద్దున్నే గేటు దగ్గర ఫోన్లు తీసేసుకుని సాయంత్రం తిరిగిస్తారు. సాయంత్రం చేస్తే నువ్వు "ఊఁ, ఊఁ, సరే, ఉంటా" అని పెట్టేస్తావు. మిగతా సగం నేను గోడకి చెప్పుకోవాలి. అదే ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

గది బాగానే ఉంది. అంటే మంచం, కుర్చీ, కిటికీ ఉన్నాయి. కిటికీ తీస్తే ఎదుటింటి వెనక గోడ, దాని మీద ఎవరివో రెండు చొక్కాలు ఆరుతుంటాయి. ఆ చొక్కాల మనిషి ఇంతవరకూ కంటపడలేదు. అయినా పొద్దున లేవగానే అవి ఉన్నాయో లేవో చూసుకుంటున్నాను. చూడ్డానికి ఇంకేం లేదు మరి.

పనికి లోటు లేదు. ఎలక్ట్రిక్ బస్సుల మోటర్లు కిందికి దింపి, ట్రాలీ మీద నా బల్ల దగ్గరకి తోసుకొస్తారు. బతికుందా, చచ్చిందా, చావబోతోందా అన్నది నేను తేల్చాలి. మన షెడ్డుకి బండి వస్తే దాని వెంటే బండిగలవాళ్ళూ వచ్చేవాళ్ళు. ఎక్కడ కుదిపింది, ఎప్పుడు కూతపెట్టింది, ఆ ముందురోజు ఏ గుంటలో దిగింది, అన్నీ వాళ్ళ నోటితోనే వినేవాళ్ళం. సగం జబ్బు అక్కడే దొరికేది. ఇక్కడ మోటరుకి నంబరు తప్ప కథ ఉండదు.

అసలు సంగతికొస్తాను. నీ వెనక ఎవరు నిలబడుతున్నారు? నవ్వకు. మీ బావ పోయాక నేను ఆ షెడ్డుకొచ్చి, ఇద్దరం కూర్చుని ఈ పని నేర్చుకున్న మొదటిరోజే రూలు పెట్టుకున్నాం. బ్యాటరీ కరెంటు పారే ఆ నారింజ రంగు తీగల జోలికి వెళ్ళేటప్పుడు ఒకళ్ళు పని చెయ్యాలి, ఇంకొకళ్ళు పసుపు గీతకి ఇవతల కొక్కెం కర్ర పట్టుకుని నిలబడాలి. షాక్ కొడితే చేత్తో పట్టుకోకూడదు, కర్రతో లాగాలి. ముందుగా సర్వీస్ ప్లగ్ ఊడదీసి జేబులో వేసుకోవాలి. అది లేకపోతే బ్యాటరీకీ బండికీ సంబంధం ఉండదు కాబట్టి, ప్లగ్ ఎవరి జేబులో ఉంటే వాళ్ళే వచ్చి తిరిగి పెట్టాలి. దేవుడొచ్చి అడిగినా ఇంకొకరి చేతికివ్వకూడదు. ఇవి నీకు కొత్త కాదు. అయినా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాల్సిన రకం నువ్వు.

బస్సెక్కుతుంటే అన్నావు కదా, "వెళ్ళక్కా, ఇక్కడ నీ పనేముంది, ఊరికే నిలబడ్డమేగా" అని. సరే. ఆ ఊరికే నిలబడ్డానికైనా ఎవర్నో ఒకర్ని పెట్టుకో.

నా నీలం కోటు మేకుకే వదిలేశాను. ఇక్కడ బూడిదరంగుది ఇచ్చారు. వేళకి తిను.

అక్క


జూన్ 14

అక్కకీ, అక్క ముక్కుమీది కోపానికీ విడివిడిగా నమస్కారాలు.

ఉత్తరం చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను. ఆ చొక్కాలాయన కనబడితే నేను అడిగానని చెప్పు.

ఇక్కడ అంతా మామూలే. తింటున్నాను. ఏం తింటున్నావని అడక్కు, తింటున్నాను. వానలు పట్టుకున్నాయి. షెడ్డు రేకు మూల కారుతోంది, కింద బాల్చీ పెట్టాను. నువ్వున్నప్పుడు ఆ చప్పుడు వినపడేది కాదు. మనిద్దరం వాదించుకునే గోలలో అదెక్కడ వినపడుతుంది!

లెక్కల టీచరమ్మ తెల్ల హైబ్రిడ్ గుర్తుందా? ఆవిడ వచ్చింది. పొద్దున స్కూలుకి బయల్దేరితే బండి గుంజుతోందట, ఎర్ర లైటు వెలుగుతోందట, ఒక్కోరోజు అసలు కదలనే కదలదట. మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు బుద్ధిగా నడుస్తోందట. నా దగ్గరకి పదకొండింటికి తెస్తుంది. తెచ్చేసరికి ఏ రోగమూ ఉండదు. మెగ్గర్ పెట్టి మోటరు కరెంటు బాడీకి కారుతోందేమో చూశాను. చుక్క కారడం లేదు. టీచరమ్మ నన్ను తప్పు లెక్క చేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూస్తోంది. కంప్యూటరు మటుకు "మోటరు వైపు లీకేజీ" అని నొక్కి చెబుతోంది. మోటరు కాలిపోవడానికి సిద్ధంగా ఉందని నా అనుమానం. నువ్వేమంటావు?

నిలబడే మనిషి గురించి బెంగపెట్టుకోకు. దొరికాడు. నోట్లో నాలుక లేనివాడు. టీ అడగడు, సెలవడగడు, నీలా నస పెట్టడు. గీత దగ్గర నిలబెడితే నిలబెట్టినచోటే ఉంటాడు. మౌనిగారు అని పిలుస్తున్నాను.

కాబట్టి నువ్వు హాయిగా నీ పని చూసుకో.

తమ్ముడు


జూన్ 20

తమ్ముడికి,

నిలబెట్టినచోటే ఉంటాడా! బాగుంది. నేను అటూ ఇటూ పరిగెత్తేదాన్ని కాబోలు.

ముందు టీచరమ్మ బండి. నువ్వు కొలిచేది ఎండెక్కాక, బండి నడిచి వేడెక్కాక. అప్పుడు దొరకమంటే ఎలా దొరుకుతుంది? జబ్బు చల్లటి వేళది, తడి వేళది. బండిని సాయంత్రమే నీ దగ్గర వదిలేసి వెళ్ళమను. పొద్దున్నే తాళం కూడా తిప్పకుండా, ఆ చల్లదనంలోనే ప్లగ్ తీసి, కంపెనీవాళ్ళు చెప్పినంతసేపు ఆగి, మెగ్గర్ పెట్టు. అప్పుడు అంకె చూడు. మరో మాట. మోటరుని ముందే తిట్టకు. ఆ నారింజ తీగల మీద మోటరు ఒక్కటే లేదు, ఏసీ కంప్రెసరు కూడా ఉంది. ఒక్కొక్కటే విడదీస్తూ కొలవాలి. దేన్ని విడదీస్తే అంకె బాగుపడుతుందో జబ్బు అటువైపు. కంప్యూటరుకేం, నోరుంది కదా, ఏదైనా చెబుతుంది.

ఇక నీ మౌనిగారు. ఆయన కళ్ళు నీ చేతుల మీదే ఉంటున్నాయా, లేక దిక్కులు చూస్తుంటాడా? ఇక్కడ నా వెనక నిలబడే అతను గోళ్ళు కొరుక్కుంటూ కిటికీలోంచి బస్సులు లెక్కపెట్టుకుంటాడు. ఒకరోజు నేను వెనక్కి తిరిగి చూస్తే కర్ర గోడకానించి ఉంది, మనిషి లేడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరికి చెప్పుకోను? డిపో పెద్దాయనకి చెబితే "మీరు మరీ చాదస్తం అమ్మా" అన్నాడు. అందరూ అమ్మా అంటారు, ఒక్కరూ మాట్లాడరు. భోజనానికి సామాన్ల అరల వెనక ఒక స్టూలు చూసుకున్నాను. అక్కడ నా నమలడం నాకే వినపడుతుంది.

మౌనిగారి అసలు పేరేమిటి? ఎక్కడివాడు? కర్ర పట్టుకోవడం ఎవరు నేర్పారు? నువ్వు నేర్పావంటే మటుకు నాకు నమ్మకం లేదు.

అక్క


జూన్ 29

అక్కా,

ఈసారి కోపానికి నమస్కారం పెట్టడం లేదు, ఎక్కువ చేస్తోంది.

నువ్వు చెప్పినట్టే టీచరమ్మ బండి రాత్రికి ఇక్కడే ఉంచింది. పొద్దున్నే కొలిచాను. దొరికిందే! అంకె పాతాళానికి పోయింది. కరెంటు బాడీకి కారుతూనే ఉంది. ఎండెక్కాక కొలిస్తే మళ్ళీ ఏమీ లేదు. టీచరమ్మకి రెండు అంకెలూ చూపిస్తే "అయితే అబద్ధం చెప్పింది నేను కాదన్నమాట" అంది. నేనెప్పుడన్నాను? అనకపోయినా మొహంలో కనపడిందట.

కంప్రెసరు విడదీసి చూడాలి, తర్వాత మోటరు. వారంలో చేస్తాను. ఆవిడ ప్రస్తుతానికి నడిచి వెళ్తోంది.

మౌనిగారి పేరూ ఊరూ నేనడగలేదు. అడిగితే చెప్పే రకం కూడా కాదు. దిక్కులు చూడ్డం లేదులే, కదలకుండా నా వైపే ఉంటాడు. నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. తప్పేమీ పట్టలేదు. నిజం చెప్పాలంటే షెడ్డులో మాట వినపడి చాలా రోజులైంది, అందుకే పైకి చదివాను.

నీకక్కడ స్నేహాలు కుదురుతాయి. కొత్తచోటు కదా. నా గురించి ఆలోచిస్తూ కూర్చోకు. ఇక్కడ ఏ లోటూ లేదు.

తమ్ముడు


జూలై 5

తమ్ముడికి,

ఏ లోటూ లేదన్నావు. సంతోషం.

నేనొక పిచ్చిదాన్ని. నువ్వక్కడ ఒక్కడివే ఉంటావని, రెండు వారాలకోసారి శని ఆది సెలవిమ్మని ఇక్కడ పెద్దాయన్ని బతిమాలుకున్నాను. ఒంటికాలి మీద లేచాడు. అయినా పట్టు వదలకపోతే మొన్న ఒప్పుకున్నాడు. నీ ఉత్తరం చూశాక వెళ్ళి అక్కర్లేదని చెప్పొచ్చాను. షెడ్డులో నా చోట మనిషి ఉన్నాడు, కదలడు, నస పెట్టడు, నా ఉత్తరాలు కూడా వింటున్నాడు. ఇంక నేనొచ్చి ఎక్కడ నిలబడను?

ఉడుక్కుంటున్నానని అనుకో. ఉడుక్కుంటున్నాను. అన్నేళ్ళు ఆ గీత మీద నిలబడి కాళ్ళు వాచిపోయాయి నాకు. నువ్వు అంకె చెబితే నేను పలక మీద రాసేదాన్ని. చెమట పడితే ఆపమనేదాన్ని. నువ్వు వినేవాడివి కాదు, తిట్టేదాన్ని, అప్పుడు ఆపేవాడివి. ఇది "ఊరికే నిలబడ్డం" అని నువ్వే అన్నావు. బస్సులో ఆ మాటే నమిలాను దారంతా. ఇంకా అయిపోలేదు.

సరే, పోనీ. ఆయనెవరైతే నాకేం, నీ ప్రాణం ఆయన చేతిలో ఉంది. అందుకని రబ్బరు గ్లవ్స్ లోపల వేసుకునే నూలు జత ఒకటి పంపుదామనుకుంటున్నాను. ఆయన చెయ్యి కొలత రాయి. బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా వెడల్పు.

కంప్రెసరు ముందు విడదీయి, మోటరు తర్వాత. మెగ్గర్ తీసేశాక లోపల మిగిలిన కరెంటు దిగేదాకా మీట నొక్కి పట్టుకోవడం మరిచిపోకు.

అక్క


జూలై 13

అక్కా,

చేతిరాత వంకరగా ఉందని కంగారుపడకు. ముంజెయ్యి బెణికింది. జాకీ తగిలింది. ఎడమచేత్తో రాస్తున్నాను కాబట్టి పొట్టిగా రాస్తాను.

కంప్రెసరు విడదీశాను, అంకె మారలేదు. మోటరు విడదీశాను, బాగుపడింది. జబ్బు మోటరు వైపే. లోపలి తీగచుట్టల వైండింగు పోయినట్టే. మోటరు మార్చాలని టీచరమ్మకి చెప్పాలి. చెప్పబుద్ధి కావడం లేదు.

మౌనిగారి చెయ్యి మధ్యరకం. గ్లవ్స్ పంపొద్దు, ఆయన వేసుకోడు.

రాననుకున్నావు కదా, మంచిదే. అంతదూరం ఎందుకు ప్రయాణాలు. బాగున్నాను.

తమ్ముడు


జూలై 17

ఒరేయ్,

రాత్రి నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. మోటరుని చూసినట్టే చూశాను, ఒక్కొక్కటే విడదీసి.

టీ తాగని పనివాణ్ణి నా జన్మలో చూడలేదు. సరే, తాగడనుకున్నాను. సెలవడగడు. సరే, ఇల్లూ వాకిలీ లేనివాడనుకున్నాను. పేరు లేదు. ఊరు లేదు. నిలబెట్టినచోటే ఉంటాడు. చెయ్యి కొలత అడిగితే "మధ్యరకం" అని నీళ్ళు నమిలావు. నువ్వు అరమిల్లీమీటరు తేడా ఉంటే బేరింగు వాపసిచ్చే మనిషివి! గ్లవ్స్ వేసుకోడట. గ్లవ్స్ వేసుకోనివాణ్ణి నువ్వు గీత దగ్గరకి రానిస్తావా? జాకీ తగిలి నీ చెయ్యి బెణికితే ఆ కబురు ఆయన ఎందుకు రాయలేదు? నీ కుడిచెయ్యి పనికిరాకపోతే ఆ నాలుగు ముక్కలు ఆయన చేత రాయించుకోకుండా ఎడమచేత్తో ఎందుకు గీకావు?

మౌనిగారు లేడు. అలాంటి మనిషి లేడురా. నువ్వు ఒక్కడివే విప్పుతున్నావు.

డిపోలో అందరూ భోజనానికి వెళ్ళారు, నేను స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడేం జరిగిందో రాయి. జాకీ ఎలా తగిలింది, ఎందుకు తగిలింది, దాచకుండా రాయి. నాతో అబద్ధం ఆడు, పర్లేదు. నీ ఒంటితో ఆడకు.

ఇంకొకటి. ఈ ఉత్తరం అందగానే టీచరమ్మ బండి సర్వీస్ ప్లగ్ నాకు పార్సిల్ చెయ్యి. నీ జేబు మీద నాకు నమ్మకం పోయింది. అది నా దగ్గర ఉంటే గానీ నాకు ముద్ద దిగదు.

అక్క


జూలై 22

అక్కా,

ప్లగ్ ఇందులోనే ఉంది. గుడ్డలో చుట్టాను. ఆ బండి మూతలన్నీ మూసేసి, "ముట్టుకోవద్దు" అని రాసి తగిలించాను. చదివేది నేనొక్కణ్ణేననుకో.

మౌనిగారు నీ నీలం కోటు.

పాత చీపురుకర్రకి హ్యాంగరు కట్టి, దానికి నీ కోటు తొడిగి, గీత ఇవతల ఇనుప స్టాండులో నిలబెట్టాను. కొక్కెం కర్ర దాని చేతి దగ్గర ఆనించాను. మొదట నవ్వులాటకే చేశాను. నీకు రాసి నవ్వించాలనుకున్నాను. రాసేటప్పుడు మటుకు, మనిషి దొరికాడంటే నీ మనసు కుదుటపడుతుంది కదా అనిపించింది. ఎంతమందినని అడగలేదనుకుంటున్నావు! పెట్రోలు బళ్ళ మెకానిక్కులు నారింజ తీగలు చూస్తేనే ఆమడ దూరం పరిగెడుతున్నారు. ఒకతను వచ్చాడు, కర్ర భుజాన వేసుకుని బయటికెళ్ళి సిగరెట్టు కాల్చుకున్నాడు. వాడికంటే కోటే నయమనుకున్నాను.

ఇక జాకీ సంగతి. పొద్దున్నే మోటరు మీద మెగ్గర్ పెట్టాను. అంకె చెప్పాను. పైకే చెప్పాను, గట్టిగా, ఎప్పట్లాగే. రాసేవాళ్ళు లేరు. పలక నీ వైపు గోడకి ఉంది. మరిచిపోతానేమోనన్న తొందరలో కుడిచేతి గ్లవ్ తీసి, పెన్సిలు అందుకుని అట్టముక్క మీద రాసుకున్నాను. మీట నొక్కి పట్టుకోలేదు. రాసి, అదే వట్టిచేత్తో తీగ పక్కకి జరపబోయాను. మెగ్గర్ పంపిన కరెంటు వైండింగులో ఇంకా ఉంది. అదేం చంపేసేంత కాదులే, విసిరికొట్టింది. వెనక్కి పడ్డాను. చెయ్యి జాకీకి తగిలింది, భుజం స్టాండుకి తగిలింది. కోటు వచ్చి నా మీద పడింది.

లేవలేదు. లేవలేక కాదు, లేవాలనిపించలేదు. కోటు మొహం మీద ఉంది. ఇంకా నీ గ్రీజు సబ్బు వాసన వస్తోంది. బాల్చీలో చుక్క చుక్కా పడుతోంది. ఇదే బ్యాటరీ కరెంటై ఉంటే ఈ కోటే నన్ను చూసే ఆఖరి మనిషి కదా అనిపించింది. భయమేసింది అక్కా. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. టీచరమ్మ బండి కోసం వచ్చి కేకేసేదాకా అలాగే ఉన్నాను. ఆవిడే చేతికి కట్టు కట్టింది.

బస్సు దగ్గర అన్న మాట ఇప్పటిదాకా నీ మనసులో పెట్టుకున్నావా! నీ చేతిలో సంచీ ఉంది, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేలమీద. నా మొహం చూస్తున్నావు. నేనింకొక్క మాట మెత్తగా అంటే దిగిపోయేదానివి. నీ చేతికి మన షెడ్డు సరిపోదు, ఆ బల్ల నీకు రావాల్సిందే, అది నాకు తెలుసు. అందుకే అలా అన్నాను. తొందరలో నోటికి అదొక్కటే వచ్చింది. ఊరికే నిలబడ్డం అంటే ఏమిటో నేల మీద పడుకుని తెలుసుకున్నాను.

మోటరు మార్చాలని టీచరమ్మకి ఇంకా చెప్పలేదు. నువ్వు చూడకుండా చెప్పను.

తమ్ముడు


జూలై 25

తమ్ముడికి,

ప్లగ్ అందింది. జేబులోనే ఉంది. ఈ బూడిదరంగు కోటు జేబు చిన్నది, ఎత్తుగా కనపడుతోంది. ఏమిటని పెద్దాయన అడిగాడు. "మా తమ్ముడు" అన్నాను. పిచ్చిదన్నట్టు చూశాడు. సెలవు మటుకు మళ్ళీ ఇచ్చాడు.

వచ్చే ఆదివారం పొద్దున దిగుతున్నాను. టీచరమ్మనీ రమ్మను. ప్లగ్ నా దగ్గరుంది కాబట్టి బండి ఎలాగూ కదలదు, చల్లగానే ఉంటుంది. నేను వచ్చేదాకా నారింజ రంగు కంటపడితే కళ్ళు మూసుకో.

నీ మీద కోపంగా ఉంది. వచ్చి తిడతాను. కాగితం మీద తిడితే నువ్వు మడిచి పెట్టేసుకుంటావు.

అక్క


ఆగస్టు 3

తమ్ముడికి,

నిన్న నేను నిలబడ్డాను, నువ్వు చేశావు. చెయ్యి ఇంకా గట్టిగా పట్టలేకపోతున్నావు, చూశాను. అయినా ఎంత బాగా చేశావురా. ఎదురుగా అనలేదు, ఇక్కడ అంటున్నాను.

వైండింగు పోయిందన్నావు. మోటరు పక్కన మూత విప్పగానే ఆ తడి చూసి నీ మొహం వెలిగిన తీరు ఇప్పటికీ కళ్ళల్లో ఉంది. పైన చల్లబరిచే నీళ్ళ గొట్టం సీలు ఒరిసిపోయి, రాత్రంతా బొట్టు బొట్టుగా తీగలు కలిసేచోట పడుతోంది. పగలు వేడికి ఆరిపోతోంది. అందుకే ఎండెక్కాక ఏమీ దొరకలేదు. మోటరు ఏ పాపం ఎరగదు. తుడిచి, ఆరబెట్టి, కొత్త సీలు వేసి, మళ్ళీ మెగ్గర్ పెట్టి నువ్వు అంకె అరిచావు చూడు, నేను పలక మీద రాస్తుంటే సుద్దముక్క విరిగిపోయింది. టీచరమ్మ చప్పట్లు కొట్టింది కూడా. ప్లగ్ నా చేత్తో నేనే పెట్టాను. ఆవిడ బండి నడుపుకుంటూ వెళ్ళిపోతుంటే ఇద్దరం గేటు దగ్గర వెర్రిమొహాలేసుకుని నిలబడ్డాం.

తిడదామనుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు. బస్సొచ్చేసింది.

ఈసారి నీలం కోటు తెచ్చేసుకున్నాను. ఆ చీపురుకర్రని నిలబెట్టి మళ్ళీ దొంగ మనిషిని చెయ్యడానికి వీల్లేదు. గదికొచ్చి కిటికీ తీశాను. గోడ మీద చొక్కాలు లేవు, ఖాళీ చేసి వెళ్ళిపోయాడట. ఎన్నడూ చూడని మనిషి కోసం కాసేపు దిగులుపడ్డాను. అప్పుడు కోటు జేబులో చెయ్యి పెడితే గట్టిగా ఏదో తగిలింది.

సర్వీస్ ప్లగ్! ఏ బండిదిరా ఇది? టీచరమ్మది కాదు, అది నేనే పెట్టాను. నేను టీ పెట్టడానికి లోపలికెళ్ళినప్పుడు ఎవరి బండి విప్పావు? పాపం ఎవరో బండి కదలక నిన్ను తిట్టుకుంటుంటారు. నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది? రేపే పార్సిల్ చేస్తాను, వెంటనే రాయి.

అక్క


ఆగస్టు 8

అక్కా,

పార్సిల్ చెయ్యకు.

అది మన పాత బండిది. నేర్చుకోవడానికి తుక్కులో కొనితెచ్చి, ఇద్దరం మొట్టమొదట విప్పామే, షెడ్డు వెనక రేకు కింద ఉంటుందే, అది. దానికోసం ఎవరూ ఎదురుచూడ్డం లేదు. నేను తప్ప.

మిగతా బళ్ళ నారింజ తీగల జోలికి వెళ్ళడం లేదు. నువ్వొచ్చే ఆదివారాలకే రమ్మంటున్నాను. పలక ఇటువైపు గోడకి మార్చబోయి, మళ్ళీ నీ వైపే ఉంచేశాను.

ప్లగ్ జాగ్రత్త. అది ఎవరి జేబులో ఉంటే వాళ్ళే వచ్చి తిరిగి పెట్టాలి. రూలు నీదే.

తమ్ముడు